ఒంటరి జంటల పెత్తనం

పల్లెల్లో అక్కడక్కడా ఇప్పటికీ కనిపించే గోబర్ గ్యాస్ పొయ్యిలో నీలంగా మండేది ముఖ్యంగా మీథేన్. చేపల రేవు పక్కనున్న ఐస్ ఫ్యాక్టరీ ముందు నుంచి పోతుంటే ఎప్పుడైనా ముక్కు అదిరిపోయే ఘాటు తగిలిందంటే అది అమ్మోనియా. కుండలోంచి ముంచుకుని గటగటా తాగేది నీరు. ఈ మూడింటికీ దగ్గరి చుట్టరికం ఉందంటే నమ్మబుద్ధి కాదు. ఒకటి మండుతుంది, ఒకటి కళ్ల నీళ్లు తెప్పిస్తుంది, ఒకటి దాహం తీరుస్తుంది.

అయినా ఒకసారి లెక్కేసి చూద్దాం. మీథేన్ అణువులో ఒక కార్బన్ పరమాణువు, నాలుగు హైడ్రోజన్లు ఉన్నాయి. కార్బన్‌కి 6 ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్లకు తలా ఒకటి, వెరసి 10. అమ్మోనియాలో నైట్రోజన్‌కి 7, మూడు హైడ్రోజన్లకు 3, మళ్లీ 10. నీటిలో ఆక్సిజన్‌కి 8, రెండు హైడ్రోజన్లకు 2, ఇక్కడా 10. బరువులో కూడా పెద్ద తేడా లేదు. అణుభారాలు వరసగా 16, 17, 18. మధ్యనున్న పరమాణువు చుట్టూ, బయటి కర్పరంలో ఉన్న ఎలక్ట్రాన్లు మూడింటిలోనూ ఎనిమిదే. అంటే నాలుగు జంటలు.

ఇంత దగ్గరి పోలిక ఉన్నా మీథేన్ మరిగేది మైనస్ 161 డిగ్రీల దగ్గర, అమ్మోనియా మైనస్ 33 దగ్గర, నీరు 100 దగ్గర. ఒకే ఇంట్లో పుట్టిన ముగ్గురు అన్నదమ్ములకు ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఆ నాలుగు జంటల్లో ఎన్నింటికి హైడ్రోజన్ తోడు దొరికింది, ఎన్ని తోడు లేకుండా మిగిలిపోయాయి అన్న దగ్గర వచ్చింది. మీథేన్‌లో ఒక్క జంట కూడా మిగల్లేదు. అమ్మోనియాలో ఒకటి మిగిలింది. నీటిలో రెండు. వీటిని పాఠ్యపుస్తకాలు ఒంటరి జంటలు అంటాయి. జంట అంటూనే ఒంటరి అనడం వినడానికి వింతగా ఉంటుంది గానీ పేరు సరైనదే. ఎలక్ట్రాన్లు రెండున్నాయి కాబట్టి జంట. ఆ జంటను పంచుకునే మరో పరమాణువు లేదు కాబట్టి ఒంటరి.

అణువు బొమ్మ గీసినప్పుడు బంధాలకు గీతలు గీస్తాం. ఒంటరి జంటలకు మహా అయితే రెండు చుక్కలు పెడతాం, తొందరలో ఉంటే అదీ మానేస్తాం. కానీ అణువు ఏ ఆకారంలో ఉండాలో తేల్చడంలో వాటి పెత్తనం అంతా ఇంతా కాదు. ఈ అధ్యాయం ఆ పెత్తనం గురించి.

కాగితం మీది ముగ్గు

నల్లబల్ల మీద మీథేన్ గీయమంటే ఎవరైనా ఒకేలా గీస్తారు. మధ్యలో కార్బన్, పైన ఒక హైడ్రోజన్, కింద ఒకటి, కుడి ఎడమల్లో చెరొకటి. నాలుగు గీతల ముగ్గు. ముగ్గు నేలకు అతుక్కునే ఉంటుంది, దానికి ఎత్తు లేదు. అణువుకు మాత్రం పొడవు, వెడల్పుతో పాటు ఎత్తు కూడా ఉంది. ఈ మాట 1874లో 22 ఏళ్ల డచ్చి యువకుడు వాంట్ హాఫ్ చిన్న పుస్తకంగా అచ్చువేసి చెప్పాడు. అదే ఏడాది పారిస్‌లో లె బెల్ కూడా తనంతట తానుగా ఇదే నిర్ణయానికి వచ్చాడు.

అణువును కంటితో చూసే సాధనం ఏదీ లేని రోజుల్లో ఆ ఆకారాన్ని ఎలా పట్టుకోగలిగారు? ఒక చిన్న తర్కం చూడండి. మీథేన్‌లోని నాలుగు హైడ్రోజన్లలో రెండింటిని తీసేసి వాటి స్థానంలో రెండు క్లోరిన్లు పెట్టామనుకుందాం. దాని పేరు డైక్లోరోమీథేన్. మీథేన్ నిజంగా ముగ్గులా బల్లపరుపుగా ఉంటే ఈ రెండు క్లోరిన్లనూ రెండు రకాలుగా అమర్చవచ్చు. పక్కపక్కన కూర్చోబెట్టవచ్చు, ఎదురెదురుగానూ కూర్చోబెట్టవచ్చు. అవి రెండూ వేర్వేరు పదార్థాలు కావాలి, వేర్వేరు వేడి దగ్గర మరగాలి. కానీ ఏ ప్రయోగశాలలో ఎవరు తయారుచేసినా దొరికిన డైక్లోరోమీథేన్ ఒక్కటే. అది దాదాపు 40 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రెండోది లేనే లేదు. అంటే నాలుగు స్థానాల్లో ఏ రెండింటిని ఎంచుకున్నా అవి ఒకదానికొకటి పక్కవే అయ్యుండాలి. ఎదురెదురు అన్న మాటే ఉండకూడదు. చదును కాగితం మీద అది కుదరదు. కుదిరే ఆకారం చతుర్ముఖి ఒక్కటే. నాలుగు త్రిభుజపు ముఖాలు, నాలుగు మూలలు, నడిబొడ్డున కార్బన్.

ఆ ఆకారం కళ్లకు కట్టాలంటే ఘనాకారపు అట్టపెట్టె ఒకటి తీసుకోండి. దానికి ఎనిమిది మూలలుంటాయి. ఒక మూల విడిచి ఒక మూలకు బొట్టు పెట్టుకుంటూ పోండి. నాలుగు బొట్లు పడతాయి. పెట్టె నట్టనడుమ కార్బన్ ఉందనుకుంటే బొట్టు పెట్టిన మూలలే హైడ్రోజన్ల చోట్లు. నడుమ నుంచి ఏ రెండు బొట్లకు గీతలు లాగినా వాటి మధ్య కోణం 109.5 డిగ్రీలు. సముద్రపు అలల తాకిడిని ఆపడానికి రేవుల దగ్గర గుట్టగా పోసే నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మల్ని చూసే ఉంటారు. వాటిదీ ఇదే అమరిక. ఎటు దొర్లినా మూడు కాళ్లు నేలను తన్నుకుంటాయి, నాలుగోది పైకి లేస్తుంది. పొలం గట్ల మీద పల్లేరుకాయ ఎటు పడినా ఒక ముల్లు ఆకాశం చూస్తుందే, దాదాపు అలాగన్నమాట.

వాంట్ హాఫ్ మాటను పెద్దలందరూ మెచ్చుకోలేదు. జర్మనీలో పేరుమోసిన రసాయనవేత్త కోల్బె 1877లో దుమ్మెత్తిపోశాడు. పశువైద్య పాఠశాలలో పాఠాలు చెప్పుకునే కుర్రాడు అక్కడి రెక్కల గుర్రాన్ని అరువు తెచ్చుకుని ఊహల్లోకి ఎగిరాడని ఎగతాళి చేశాడు. ఆ కుర్రాడే 1901లో రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి అందుకున్నాడు. బహుమతి వచ్చింది ద్రావణాల మీద, రసాయన చర్యల వేగం మీద చేసిన పనికి. చతుర్ముఖి మాత్రం అప్పటికే ఎవరూ కాదనలేని సంగతి అయిపోయింది.

బెలూన్లు చెప్పే పాఠం

ఆకారం తెలిసింది. ఆ ఆకారమే ఎందుకన్నది తెలియలేదు. తరగతిలో ఈ పాఠం చెప్తున్నప్పుడు ఒక అమ్మాయి లేచి అడిగింది. "నాలుగు జంటలూ ప్లస్ గుర్తులాగా నాలుగు దిక్కులకూ పోతే సరిపోదా మాస్టారూ? ఈ చతుర్ముఖి గొడవెందుకు?"

నోటిమాటగా జవాబు చెప్పే కంటే రూపాయి బెలూన్లు తెప్పించడం మేలనిపించింది. రెండు బెలూన్లను సమానంగా ఊది మూతుల దగ్గర కలిపి ముడేశాం. ఎలా తిప్పినా అవి ఒకదానికొకటి ఎదురుగా, ఒకే గీత మీద నిలబడ్డాయి. 180 డిగ్రీలు. మూడు కట్టాం. సీలింగ్ ఫ్యాన్ రెక్కల్లా విచ్చుకున్నాయి. 120 డిగ్రీలు. తర్వాత రెండేసి కట్టిన జతలు రెండు తీసుకుని నడుమ మెలివేశాం. అవి ప్లస్ గుర్తులా పరుచుకోలేదు. ఆ అమ్మాయినే వచ్చి నాలుగింటినీ బల్లకు అదిమి పట్టమన్నాను. అదిమి ఉంచినంతసేపు ప్లస్ గుర్తే. చేయి తీయగానే ఒకటి పైకి లేచింది, మూడు కింద కాళ్లు చాపాయి. మళ్లీ అదిమింది, మళ్లీ లేచింది. మూడోసారి తానే నవ్వేసి, "వాటికి పైన చోటు ఉందిగా, ఊరికే ఎందుకు ఇరుక్కుంటాయి?" అంది.

జవాబు అదే. చదునుగా ఉంటే పక్కనున్న బెలూన్‌తో 90 డిగ్రీల ఎడమే దక్కుతుంది. పైకీ కిందికీ సర్దుకుంటే 109.5 దక్కుతుంది. ఎవరికి వారు ఎక్కువ చోటు చూసుకుంటే ఏర్పడే ఆకారమే చతుర్ముఖి. దాన్ని ఎవరూ గీసి ఇవ్వనక్కర్లేదు.

బెలూన్ల స్థానంలో ఎలక్ట్రాన్ జంటల్ని పెట్టుకుంటే అణువుల కథ మొదలవుతుంది. పరమాణువుల్ని కలిపి ఉంచేది ఇద్దరూ పంచుకునే ఎలక్ట్రాన్ జంటేనని అమెరికన్ శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ 1916లో చెప్పాడు. మనం ఇవాళ చుక్కలతో గీసే బొమ్మలు ఆయన పెట్టిన ఒరవడే.

జంటలు ఒకదానికొకటి ఎడంగా ఎందుకు జరుగుతాయి? రుణావేశాలు కాబట్టి వికర్షించుకుంటాయని చెప్పి ఊరుకోవచ్చు. అది నిజమే గానీ సగమే నిజం. అసలు పట్టు పౌలీ 1925లో చెప్పిన నియమంలో ఉంది. ఎలక్ట్రాన్‌కు స్పిన్ అనే గుణం ఉంది. అది రెండే రకాలు. ఒకే తావులో రెండు ఎలక్ట్రాన్లు ఉండాలంటే వాటి స్పిన్‌లు వేర్వేరు కావాలి. ఆ రెండూ చేరాక మూడోదానికి అక్కడ చోటు లేదు, ఎందుకంటే దాని స్పిన్ ఆ ఇద్దరిలో ఎవరో ఒకరిదే అవుతుంది. నులక మంచం మీద ఇద్దరు పడుకున్నాక మూడోవాడు ఇంకో మంచం వెతుక్కోక తప్పదు. అందుకే ఎలక్ట్రాన్లు జంటలవుతాయి, జంటలు ఎడమెడంగా సర్దుకుంటాయి.

తడి చీర లెక్క

1940లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు సిడ్జ్‌విక్, పావెల్ అప్పటికి ఆకారం తెలిసిన అణువులన్నింటినీ ఒకచోట పేర్చి చూశారు. మధ్య పరమాణువు చుట్టూ ఎన్ని జంటలున్నాయో లెక్కపెడితే చాలు, ఆకారం దాదాపుగా చెప్పవచ్చని తేల్చారు. రెండైతే సరళరేఖ, మూడైతే సమతల త్రిభుజం, నాలుగైతే చతుర్ముఖి, ఆరైతే అష్టముఖి. లెక్కలో బంధ జంటల్నీ ఒంటరి జంటల్నీ రెండింటినీ కలపాలన్నారు. ఆకారశాస్త్రంలో ఒంటరి జంటకు పౌరసత్వం దక్కింది అప్పుడే.

కానీ ఒక చిక్కు మిగిలింది. నాలుగు జంటలూ సమానమే అయితే అమ్మోనియాలో, నీటిలో కూడా కోణం 109.5 ఉండాలి కదా? కొలిచి చూస్తే అమ్మోనియాలో దాదాపు 107, నీటిలో 104.5 వచ్చింది. ఒంటరి జంట ఒకటి చేరితే రెండున్నర డిగ్రీలు తగ్గింది, రెండోది చేరితే మరో రెండున్నర. ఎవరో పక్కనుంచి బంధాల్ని నెడుతున్నారు.

ఆ నెట్టేదెవరో 1957లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేస్తున్న రొనాల్డ్ గిలెస్పీ, రొనాల్డ్ నైహామ్ చెప్పారు. ఇద్దరి పేరూ రొనాల్డే. గిలెస్పీ లండన్‌లో పుట్టినవాడు. నైహామ్ ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ అనే గనుల పట్నంలో పుట్టాడు. ఆ ఊళ్లో వీధుల పేర్లే ఆక్సైడ్ వీధి, క్లోరైడ్ వీధి, సల్ఫైడ్ వీధి. అలాంటి చోట పుట్టినవాడు రసాయనశాస్త్రం వైపు వెళ్లడంలో ఆశ్చర్యం లేదు. వాళ్లిద్దరూ ఒంటరి జంట బంధ జంట కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుందన్నారు. కాబట్టి రెండు ఒంటరి జంటల మధ్య తోపులాట అన్నిటికంటే ఎక్కువ. ఒంటరి జంటకూ బంధ జంటకూ మధ్య అంతకంటే తక్కువ. రెండు బంధ జంటల మధ్య అన్నిటికంటే తక్కువ.

ఎందుకో తెలియాలంటే పెరట్లో చీరలు ఉతికే చోటికి వెళ్లాలి. తడిసిన చీరను ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగి పిండితే సన్నటి తాడులా నిలబడుతుంది. అదే చీరను ఒక్కరే పట్టుకుంటే వాళ్ల కాళ్ల దగ్గరే కుప్పగా జారి నాలుగడుగుల మేర పరుచుకుంటుంది. బంధ జంటను రెండు కేంద్రకాలు రెండు వైపుల నుంచీ లాగి పట్టుకుంటాయి, అది సన్నబడుతుంది. ఒంటరి జంటను పట్టుకున్నది ఒకే కేంద్రకం. అది మధ్య పరమాణువుకు దగ్గరగా ఉబ్బి, పక్కనున్నవాళ్లను అవతలికి నెడుతుంది.

ఈ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి అమ్మోనియానే అడగవచ్చు. దాని ఒంటరి జంటకు ఒక హైడ్రోజన్ అయాన్‌ను అందిస్తే అమ్మోనియం అయాన్ అవుతుంది. గిన్నెలకు కళాయి పోసేవాళ్లు వాడే నవాసారంలో ఉండేది అదే. ఇప్పుడు ఒంటరి జంట కాస్తా బంధ జంట అయింది, పెత్తనం పోయింది. కోణం ఎంత? సరిగ్గా మీథేన్‌లోలాగే 109.5.

అమ్మోనియా గురించి మరో ముచ్చట. ఒంటరి జంట పైన కూర్చోవడంతో మూడు హైడ్రోజన్లూ గొడుగు ఊచల్లా కిందికి వాలి ఉంటాయి. ఈదురుగాలికి గొడుగు వెనక్కి తిరగబడ్డట్టు అమ్మోనియా అణువు కూడా తిరగబడుతూ, మళ్లీ మొదటికి వస్తూ ఉంటుంది. సెకనుకు 2,400 కోట్ల సార్లకు కాస్త తక్కువ. ఈ కదలికనే ఆధారం చేసుకుని చార్ల్స్ టౌన్స్ బృందం 1954లో కొలంబియా విశ్వవిద్యాలయంలో మొదటి మేజర్‌ను నడిపింది. లేజర్‌కు అన్న అది.

గిలెస్పీ తర్వాత కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. ఈ పద్ధతికి వేలన్సీ కర్పర ఎలక్ట్రాన్ జంట వికర్షణ సిద్ధాంతమనే పొడవాటి పేరు 1963లో పెట్టాడు. ఇంగ్లీషు పొడి అక్షరాలను కలిపి దాన్ని అందరూ వెస్పర్ అంటారు. మనమూ అలాగే అందాం.

వేళ్ల మీద లెక్క

వెస్పర్‌కు ఎక్కాలు రావడం చాలు. మధ్య పరమాణువు బయటి కర్పరంలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో చూడండి. చుట్టూ ఉన్న పరమాణువులు బంధానికి ఇచ్చే ఎలక్ట్రాన్లు కలపండి. రెండుతో భాగించండి. వచ్చింది జంటల సంఖ్య. అందులోంచి బంధాలు తీసేస్తే మిగిలేవి ఒంటరి జంటలు. ద్విబంధం ఉంటే దాన్ని ఒకే గుంపుగా లెక్కేయాలి, రెండు జంటలైనా అవి ఒకే దిక్కున ఉంటాయి కాబట్టి.

గోలీ సోడా కొట్టగానే బుస్సున వచ్చే కార్బన్ డయాక్సైడ్‌తో మొదలుపెడదాం. కార్బన్‌కు ఇటొక ఆక్సిజన్, అటొక ఆక్సిజన్, రెండూ ద్విబంధాలే. గుంపులు రెండు, ఒంటరి జంటలు సున్నా. అణువు సరళరేఖ. ఇప్పుడు కార్బన్ తీసి గంధకం పెట్టండి. అది సల్ఫర్ డయాక్సైడ్, మతాబుల పొగలో ఘాటుగా తగిలేది. దీనిలోనూ ఆక్సిజన్లు రెండే, కానీ గంధకం దగ్గర ఒక ఒంటరి జంట మిగులుతుంది. గుంపులు మూడవుతాయి, అణువు వంగుతుంది. కోణం దాదాపు 119 డిగ్రీలు. పేర్లలో ఒక్క పదం తేడా, ఆకారంలో ఒకటి కర్ర, ఒకటి కొడవలి.

ఆరు జంటలకు ఉదాహరణ విద్యుత్ సబ్‌స్టేషన్‌లో దొరుకుతుంది. పెద్ద సర్క్యూట్ బ్రేకర్లలో నిప్పురవ్వలు లేవకుండా నింపే వాయువు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్. గంధకానికి ఆరు, ఆరు ఫ్లోరిన్లకు ఆరు, మొత్తం 12. ఆరు జంటలు, ఆరూ బంధాలే. పైన ఒకటి, కింద ఒకటి, చుట్టూ నాలుగు, పరిపూర్ణమైన అష్టముఖి. గంధకం ఆరు ఫ్లోరిన్ల నడుమ కోటలో కూర్చున్నట్టే. లోపలికి వచ్చి దాన్ని కదిపే దారి మరో అణువుకు దొరకదు, అందుకే ఈ వాయువు దేనితోనూ అంత తేలిగ్గా చర్య జరపదు. ఆ గుణమే మరో రకంగా మన కొంప ముంచుతోంది. గాలిలోకి జారితే వందల ఏళ్లు చెక్కుచెదరదు. భూమిని వేడెక్కించడంలో కిలోకు కిలో చొప్పున కార్బన్ డయాక్సైడ్ కంటే 20 వేల రెట్లకు పైగా ఘనమైనది.

అయిదు జంటల సంగతి కాస్త తిరకాసు. మూడు నడుమున, ఒకటి పైన, ఒకటి కింద. అందులో ఒంటరి జంట ఉంటే అది ఎప్పుడూ నడుమునే ఎంచుకుంటుంది, ఎందుకంటే అక్కడ 90 డిగ్రీల ఇరుకు పొరుగువాళ్లు ఇద్దరే. పైనో కిందో కూర్చుంటే ముగ్గురు. దాంతో సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్ పిల్లలు ఆడుకునే తూగుబల్లలా ఉంటుంది. క్లోరిన్ ట్రైఫ్లోరైడ్‌లో ఒంటరి జంటలు రెండు, అందుకే అది ఇంగ్లీషు టీ అక్షరంలా కనిపిస్తుంది.

వెస్పర్‌కు అసలు పరీక్ష 1962లో వచ్చింది. అప్పటిదాకా జినాన్ లాంటి వాయువులు ఎవరితోనూ కలవవని, జడవాయువులని పుస్తకాలన్నీ రాశాయి. ఆ ఏడాది కెనడాలోని వాంకూవర్‌లో నీల్ బార్ట్‌లెట్ జినాన్‌తో సమ్మేళనం చేసి చూపించాడు. కొద్ది నెలల్లోనే షికాగో దగ్గరి ఆర్గోన్ జాతీయ ప్రయోగశాలలో జినాన్ టెట్రాఫ్లోరైడ్ తెల్లటి స్ఫటికాలుగా చేతికొచ్చింది. అయిదేళ్ల వయసున్న వెస్పర్‌ను అడుగుదాం. జినాన్‌కు 8, నాలుగు ఫ్లోరిన్లకు 4, మొత్తం 12. ఆరు జంటలు. నాలుగు బంధాలు, రెండు ఒంటరి జంటలు. అష్టముఖిలో ఈ రెండు ఎక్కడ కూర్చుంటాయి? ఒకదానికొకటి వీలైనంత దూరంగా, ఒకటి పైన, ఒకటి కింద. మిగిలిన నాలుగు ఫ్లోరిన్లు నడుమున చదరంగా మిగులుతాయి. కొలిచి చూస్తే అచ్చం సమతల చతురస్రమే. మీథేన్ కోసం మనం గీసి కాదనుకున్న ముగ్గు ఉందే, అది నిజంగా దొరికింది ఇక్కడ. నాలుగు బంధాలున్నంత మాత్రాన రెండు అణువులూ ఒకేలా ఉండవు. జినాన్ హెక్సాఫ్లోరైడ్ విషయంలో అది చక్కటి అష్టముఖి అయ్యుండాలని వాదించినవాళ్లున్నారు. ఏడో జంట ఒంటరిగా ఉంది కాబట్టి ఆకారం వంకరపోతుందని గిలెస్పీ అన్నాడు. వాయువులోని అణువుల మీద ఎలక్ట్రాన్ వివర్తన ప్రయోగాలు చేశాక ఆయన మాటే నెగ్గింది.

నీటి నాలుగు చేతులు

ఇప్పుడు కుండ దగ్గరికి తిరిగి వద్దాం. నీటి అణువు వంగి ఉంది, ఆక్సిజన్ ఒక కొమ్మున, రెండు హైడ్రోజన్లు మరో వైపున. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కుంటుంది కాబట్టి ఆ కొమ్ము కాస్త రుణం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనం. సరళరేఖగా ఉండుంటే రెండు వైపుల లాగుడూ రద్దైపోయేది. కార్బన్ డయాక్సైడ్‌లో జరిగేది అదే. వంగడం వల్ల నీటికి ఒక తల, ఒక తోక వచ్చాయి. ఉప్పును కరిగించగలిగేది ఆ తలా తోకా ఉండబట్టే. వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేదీ అందుకే. దాని తరంగాలు సెకనుకు 245 కోట్ల సార్లు అటూ ఇటూ ఊగుతాయి. ఆ ఊపుకు తగ్గట్టు తల తిప్పబోయి నీటి అణువులు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, కూర వేడెక్కుతుంది.

ఇంతకంటే పెద్ద సంగతి మరొకటుంది. నీటి అణువుకు రెండు హైడ్రోజన్లున్నాయి, రెండు ఒంటరి జంటలున్నాయి. హైడ్రోజన్ ఇచ్చే చేయి, ఒంటరి జంట పుచ్చుకునే చేయి. రెండు ఇచ్చేవి, రెండు పుచ్చుకునేవి, లెక్క సరిపోయింది. ఒక్కో అణువు చుట్టూ ఉన్న నాలుగు అణువుల చేతులు పట్టుకోగలదు. అమ్మోనియాకు ఇచ్చే చేతులు మూడున్నా పుచ్చుకునేది ఒక్కటే, కాబట్టి చాలా చేతులు ఖాళీగా ఉండిపోతాయి. మీథేన్‌కు పుచ్చుకునే చేయే లేదు. మొదట్లో చూసిన మైనస్ 161, మైనస్ 33, 100 అంకెల వెనుక కథలో పెద్ద భాగం ఇదే. బరువులో నీటికి సాటి వచ్చే అణువు మరొకటి గది వేడిలో ద్రవంగా ఉండటం అరుదు.

ఆ నాలుగు చేతులూ చతుర్ముఖి మూలల వైపు చాచి ఉంటాయి. నీరు గడ్డకట్టేటప్పుడు అణువులు ఆ కోణాలు పాటిస్తూ చేతులు పట్టుకుంటాయి, నడుమ ఖాళీలు మిగులుతాయి. నీటిలోని ఈ చతుర్ముఖ అమరికను 1933లో బెర్నాల్, ఫౌలర్ వివరించారు. కిక్కిరిసిన బస్సులో మనుషులు ఒకరి మీద ఒకరు పడుతూ నిలబడతారు, అదే మనుషులు కోలాటం కట్టాలంటే మైదానం కావాలి. అందుకే మంచుగడ్డ నీటి కంటే దాదాపు 9 శాతం ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఫ్రీజర్‌లో మరిచిపోయిన గాజు సీసా పగిలేది దానివల్లే. షర్బత్ గ్లాసులో ఐస్ ముక్క తేలేది దానివల్లే. చలిదేశాల చెరువులు పైనుంచి గడ్డకట్టి, అడుగున చేపలు బతికి ఉండేది కూడా దానివల్లే.

ఎక్కడ నమ్మాలి, ఎక్కడ ఆగాలి

ఇంత చెప్పాక వెస్పర్ ఎక్కడ బోల్తాపడుతుందో కూడా చెప్పాలి. కుళ్లిన కోడిగుడ్డు వాసనకు కారణమైన హైడ్రోజన్ సల్ఫైడ్‌ను చూడండి. నీటిలోలాగే రెండు బంధాలు, రెండు ఒంటరి జంటలు. వెస్పర్ వంగుతుందంటుంది, అది నిజం. కానీ కోణం 92 డిగ్రీలు. 104.5 నుంచి అంతగా ఎందుకు పడిపోయిందో చెప్పాలంటే బెలూన్లు చాలవు, క్వాంటం లెక్కలు కావాలి. బేరియం ఫ్లోరైడ్ ఆవిరిలో అణువు సరళరేఖగా ఉండాలని వెస్పర్ చెప్తుంది, అది వంగి కనిపిస్తుంది. నికెల్, ప్లాటినం లాంటి పరివర్తన లోహాల సమ్మేళనాల్లో లోపలి ఎలక్ట్రాన్లు కూడా తలదూరుస్తాయి. అక్కడ నాలుగు జంటలున్నా చదునుగా ఉండేవి ఎన్నో. చిత్రమేమిటంటే నైహామ్ జీవితమంతా ఎక్కువగా పనిచేసింది ఆ లోహాల మీదే. తన పద్ధతి ఎంతవరకు వస్తుందో ఆయనకు బాగా తెలుసు.

ఇవాళ కంప్యూటర్లు పౌలీ నియమాన్ని తూచా తప్పకుండా పాటిస్తూ ఆకారాన్ని డిగ్రీలో చిన్న భాగం వరకు లెక్కకట్టగలవు. అయినా రసాయనవేత్త కొత్త అణువు పేరు వినగానే మొదట చేసేది వేళ్ల మీద జంటలు లెక్కపెట్టడమే. వెస్పర్ ఆకారాన్ని చెప్తుంది, కోణం ఎటు మొగ్గుతుందో చెప్తుంది, ఆ మొగ్గు ఎన్ని డిగ్రీలో చెప్పదు. అంతవరకే అడిగితే అది ఎప్పుడో గాని మోసం చేయదు.

ఈ అధ్యాయం మూసేముందు వంటింట్లోంచి నిమ్మకాయంత చపాతీ పిండి, నాలుగు చీపురుపుల్లలు తెచ్చుకోండి. పిండిని ఉండ చేసి నాలుగు పుల్లల్నీ వీలైనంత ఎడంగా గుచ్చండి. ఇది మీథేన్. ఒక పుల్ల తీసేసి ఆ చోట పిండి మీద వేలిగుర్తు పెట్టండి, అమ్మోనియా. ఇంకొకటి తీసి మరో గుర్తు పెట్టండి, నీరు. మిగిలిన రెండు పుల్లల మధ్య కోణాన్ని కొద్దిగా దగ్గరికి నొక్కడం మరవకండి. పరీక్ష రాసే పిల్లలకు మరో మాట. అణువు ఆకారం అడిగితే ముందు ఒంటరి జంటలు ఎన్నో మార్జిన్‌లో రాసుకోండి, తర్వాతే బంధాలు గీయండి. తప్పులు ఎక్కువగా దొర్లేది ఆ అంకె దగ్గరే.